అడుగున వదిలిన గాలి

ఆ వేసవిలో మా ఇంట్లో గాలి గురించి తప్ప ఇంకో మాట లేదు. మా ఆయన ఆక్సిజన్ ట్యాంకర్ నడిపేవాడు. మామయ్య ఆ ఆక్సిజన్‌నే సిలిండర్లలో నింపీ నింపీ ముసలివాడై, రిటైరై, చివరికి అదే సిలిండర్ పక్కన మంచం వేసుకున్నాడు. నేను కిటికీ దగ్గర మిషన్ పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుట్టేదాన్ని. మామయ్య ముక్కు గొట్టంలోంచి సన్నటి బుస వస్తూ ఉండేది. అది వినపడుతున్నంతసేపూ నా కాలు మిషన్ తొక్కుతూనే ఉండేది. అది ఆగితే, నేను ఆపకుండానే కాలు ఆగిపోయేది.

ఎండలు ఇంకా ముదరలేదు. ఒక సాయంత్రం మా ఆయన కొత్త టోపీ పెట్టుకుని ఇంటికొచ్చాడు. నీలం గుడ్డ, ముందు వెండిదారంతో కుట్టిన రాకెట్ బొమ్మ. కుట్టుపని బాగుందని నేను మనసులోనే ఒప్పుకున్నాను.

"ఏమిట్రా ఆ వేషం?" అన్నాడు మామయ్య.

"డ్రైవర్లందరికీ ఇచ్చారు నాన్నా. రాకెట్ సెంటర్ దొరగారే స్వయంగా చేతికిచ్చాడు. వచ్చే నెల ఆయన పైకెళ్తున్నాడు. ఆయనా, ఇంకో ముగ్గురు స్నేహితులూ."

"పైకెళ్ళి ఏం చేస్తారు?"

"కాసేపు తేలతారు. కిటికీలోంచి భూమిని చూస్తారు. దిగొచ్చేస్తారు."

"ఎంతసేపట?"

"నువ్వు స్నానం చేసినంతసేపు."

మామయ్య నవ్వబోయి దగ్గులో పడ్డాడు. నేను లేచి వీపు రాశాను. ఊపిరి సర్దుకున్నాక అన్నాడు. "పైకి పోవడానికి అంత తతంగం దేనికిరా? నన్ను చూడు, చడీచప్పుడు లేకుండా పోతున్నాను."

"మీ నోటికి మంచి మాటే రాదా మామయ్యా" అని కసిరాను. ఆయన ఆ టోపీ అందుకుని, తిప్పి చూసి, తన తలమీద పెట్టుకుని అద్దం తెమ్మన్నాడు. ఆ రోజు నుంచీ మా ఇంట్లో ఆ పెద్దమనిషి పేరు 'షికారు దొర'.

షికారు దొర చెడ్డవాడని ఎవరూ అనలేరు. డబ్బుండీ పిల్లికి బిచ్చం పెట్టనివాళ్ళను మా ఊరు చాలామందిని చూసింది. ఈయన ఆ రకం కాదు. ఊరవతల బీడులో రాకెట్ సెంటర్ కట్టించినప్పుడే, మా ఆస్పత్రిలో కొత్త వార్డు కూడా కట్టించాడు. ప్రతి మంచం వెనకా గోడలో ఆక్సిజన్ పైపు, దానికి తళతళలాడే ఇత్తడి మూత. కనపడితే డ్రైవర్ల భుజం మీద చెయ్యి వేసి పేరుపెట్టి పలకరిస్తాడని మా ఆయన పొంగిపోతూ చెప్పేవాడు. అందుకే ఆయన్ని తిట్టుకోవాలన్నా మాకు నోరు వచ్చేది కాదు. తిట్టడానికి వీలైన మనిషైతే ఆ వేసవి కాస్త తేలిగ్గా గడిచేదేమో.

మామయ్యకి ఒక చాదస్తం ఉండేది. సిలిండర్‌ని ఏనాడూ పూర్తిగా ఖాళీ కానిచ్చేవాడు కాదు. మీటరు ముల్లు ఎర్రగీత మీదికి రాగానే వాల్వు కట్టేసేవాడు. ముక్కు గొట్టం తీసి, సిలిండర్ మెడకి శుభ్రంగా చుట్టి, చివర లోపలికి దోపి, "మార్చమ్మాయ్" అని కేకేసేవాడు. నేను రెండో సిలిండర్ బిగించేదాకా పెదాలు నీలంగా మారుతున్నా కదలకుండా కూర్చునేవాడు. కాపరానికొచ్చిన కొత్తలో అది చూస్తే నాకు ఒళ్ళు మండేది.

"ఇంకా ఉందిగా మామయ్యా, ఉన్నదంతా పీల్చుకోండి. మిగిల్చి ఎవరికిద్దామని?" అన్నాను ఒకసారి.

"ఎవరికీ ఇవ్వక్కర్లేదు. లోపల ఉంటే చాలు. సిలిండర్ని ఎండగట్టావనుకో, బయటి తేమ లోపలికి పోతుంది. తేమ పోయిందా, తుప్పే. ఆ తుప్పు ఎవడో ఒకడు గీకాలి కదా."

ఆ ఎవడో ఒకడు ఆయనే. ఆక్సిజన్ ప్లాంటులో చేరిన కొత్తలో ఆయన్ని తుప్పు షెడ్డులో వేశారు. పొడుగాటి పిడి ఉన్న ఇనుప బ్రష్షు సిలిండర్ మూతిలోంచి దూర్చి లోపలంతా గీకడం, తిరగేసి దులపడం, అదే పని. ముక్కుకి గుడ్డ కట్టుకునేవారట. సాయంత్రానికి ఆ గుడ్డ ఇటుకరంగుకి తిరిగేదట. ఫిల్లింగ్ షెడ్డుకి మారేటప్పటికి పెళ్ళయింది, కొడుకు పుట్టాడు, ఛాతీలో గురగుర మొదలైంది. అప్పటినుంచీ ఖాళీ చేసి తెచ్చిన ప్రతి సిలిండర్‌కీ తెచ్చినవాళ్ళకి చీవాట్లు పెట్టేవాడు. ఆస్పత్రి పెద్ద డాక్టరుని కూడా వదల్లేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

"మన వెనక వచ్చేవాడి కోసం అడుగున కాస్త వదలాలమ్మాయ్. అది మా షెడ్డు మర్యాద" అనేవాడు.

ఆయన్ని చూసీ చూసీ నాకూ ఆ జబ్బు అంటుకుంది. నూనె సీసా అడుగుదాకా వంపలేను. దారపు ఉండ ఆఖరి నాలుగు చుట్లు ఉండగానే పక్కన పెట్టేస్తాను. మా ఆయన మమ్మల్నిద్దర్నీ చూసి నెత్తి కొట్టుకునేవాడు.

ఎండలు ముదిరాక ప్లాంటులో ఉన్న రెండు యంత్రాల్లో ఒకటి మూలపడింది. మొదట్లో ఎవరూ అంతగా పట్టించుకోలేదు. తర్వాత ఇళ్ళకు వచ్చే సిలిండర్లు ఒకరోజు ఆలస్యం, రెండు రోజుల ఆలస్యం అవుతూ వచ్చాయి. నేను కుట్టుపని పక్కన పడేసి ప్లాంటు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను. నాలాంటివాళ్ళు ఇంకా చాలామంది ఆ గేటు నీడలో ఖాళీ సిలిండర్లు పట్టుకుని కూర్చునేవాళ్ళు. ఒకావిడ తన సిలిండర్‌కి పాత చీర చుట్టి తెచ్చేది, ఎండకి కాలిపోతుందని.

మేనేజరు మంచివాడే. నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. "చూడమ్మా, ఆస్పత్రికి ఆపితే చట్టం ఒప్పుకోదు. రాకెట్ సెంటర్‌కి ఆపితే అగ్రిమెంటు ఒప్పుకోదు. ఇళ్ళకి ఆపితే ఎవరూ ఏమీ అనరు. నేనేం చెయ్యాలో మీరే చెప్పండి."

ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే నన్ను అడిగాడు. నేను గ్లాసు బల్ల మీద పెట్టి లేచాను. ఇంటికొస్తూ దారి పొడుగునా జవాబులు తోచాయి, ఒకదాన్ని మించి ఒకటి. అప్పటికి వాటి అవసరం తీరిపోయింది.

అనుకున్న రోజున రాకెట్ ఎగరలేదు. పైన గాలి ఎక్కువగా ఉందన్నారు. ఆ రోజు టీవీలో పొద్దుటినుంచీ అదే చూపించారు. నిలబెట్టిన రాకెట్, దాని పక్కనుంచి తెల్లగా పొగ.

"నిప్పంటించకుండానే ఆ పొగేమిటి మామయ్యా?" అని అడిగాను.

"పొగ కాదమ్మాయ్. మన సరుకే అది."

నాకర్థం కాలేదు. ఆయన గొట్టం సర్దుకుని మెల్లగా చెప్పాడు. "రాకెట్ మండడానికి మీ ఆయన తీసుకెళ్ళే లిక్విడ్ ఆక్సిజన్ ఊరికే ఉండదు, మరుగుతూనే ఉంటుంది. ఆవిరైంది బయటికి వదిలెయ్యాలి, లేకపోతే ట్యాంకు పగులుద్ది. పోయిందంతా మళ్ళీ నింపుతూ ఉండాలి. ఎగిరేదాకా అంతే."

"ఎగరకపోతే?"

"దింపేస్తారు. దింపేటప్పుడు కొంత పోతుంది. ఇంకో రోజున మళ్ళీ మొదట్నించి."

మళ్ళీ టీవీ వైపు తిరిగాడు. నేను ఆయన మొహంలో కోపం కోసం వెతికాను. లేదు. "కుర్రాళ్ళు బాగా నింపుతున్నారు" అన్నాడు చివరికి. కాసేపటికి, నేను మిషన్ మీదికి వంగి ఉన్నాననుకుని, సిలిండర్ దగ్గరికి చెయ్యి చాపి గాలి సగానికి తగ్గించుకున్నాడు. బుస చప్పుడు సన్నబడింది. నా కాలు ఆగింది. నేను తలెత్తలేదు, చూశానని తెలిస్తే ఆయన మొహం చిన్నబోతుందని.

రెండోసారి ఏదో పరికరం మొరాయించిందని వాయిదా వేశారు. మళ్ళీ ట్యాంకర్లు కదిలాయి. మా ఆయనకి ట్రిప్పు మీద ట్రిప్పు. తిండికి కూడా తీరిక లేక ఒక మధ్యాహ్నం ట్యాంకర్‌ని మా వీధిలోకే తెచ్చి గుమ్మం ముందు ఆపాడు. వీధి సగం దానికే సరిపోయింది. పిల్లలు చుట్టూ మూగారు. అంత ఎండలోనూ దాని వెనక పైపు మీద తెల్లటి మంచు పేరుకుని ఉంది. మామయ్య మంచం దిగి, గోడ పట్టుకుని కిటికీ దాకా నడిచాడు. గొట్టం అక్కడిదాకా అందక తీసేశాడు.

"నిండుగానే ఉందా?"

"నిండుగానే ఉంది నాన్నా."

"ఏమండీ, అందులోంచి మామయ్య సిలిండర్‌లోకి కాస్త పట్టలేమా?" అన్నాను.

తండ్రీకొడుకులిద్దరూ ఒక్కసారే నవ్వారు. ఇద్దరిదీ ఒకటే నవ్వు. వెంటనే ఇద్దరూ నవ్వు ఆపేశారు. అది చేత్తో పట్టేది కాదనీ, తాకితే చర్మం ఊడొస్తుందనీ, గాలిగా మార్చి ఒత్తి నింపాలంటే ప్లాంటులో ఉన్న మరలే కావాలనీ మా ఆయన నాకు చెప్పాడు. మా గుమ్మంలో ఊరందరికీ సరిపడే ఊపిరి ఉంది. మా ఇంట్లోకి ఒక్క గుక్క రాదు.

కంచం ముందు కూర్చున్నాక నేను ఉండబట్టలేకపోయాను. "ఈ ట్రిప్పులు మానెయ్యండి."

"నేను మానేస్తే ఇంకొకడు ఎక్కుతాడు. ట్యాంకర్ ఆగదు, నా ఉద్యోగమే ఆగుతుంది."

"అయితే ఆయన్నే అడగండి. రోజూ భుజం మీద చెయ్యి వేస్తాడన్నారుగా. మా ఇంటికి సిలిండర్ రావట్లేదు బాబూ అని ఒక్క మాట అనండి. ఆయన తలుచుకుంటే ఎంతసేపు?"

మా ఆయన ముద్ద కలుపుతూ ఉండిపోయాడు. చాలాసేపు కలిపాడు. "మొన్న ఆయనే అడిగాడు" అన్నాడు.

"ఏమని?"

"మీ నాన్నగారు ఇదే ప్లాంటులో చేశారటగా, ఎలా ఉన్నారు అని."

"మీరేమన్నారు?"

"బాగున్నారండీ అన్నాను."

ఆయన తలెత్తకుండానే అన్నాడు. "చుట్టూ అంతమంది ఉన్నారు. ఫొటోలు తీస్తున్నారు. అంత పెద్దమనిషి నవ్వుతూ అడిగాడు. ఇంకేం వస్తుంది నోట్లోంచి? బాగున్నారండీ, మీ దయ వల్ల అన్నాను."

ఆ క్షణాన మా ఆయన్ని పట్టుకుని కొట్టాలనిపించింది. వంచిన ఆ తల, టోపీ అంచు నొక్కుకుపోయిన నుదురు చూస్తే ఏడుపొచ్చింది. కిటికీ దగ్గర్నుంచి మామయ్య గొంతు వినపడింది.

"వాడు సరిగ్గానే చెప్పాడమ్మాయ్. ఎలా ఉన్నారంటే బాగున్నామనే అంటారెవరైనా."

మా ఆయన సగం అన్నం వదిలేసి లేచాడు. ట్యాంకర్ వీధి మలుపు తిరిగేదాకా మామయ్య కిటికీ వదల్లేదు. తర్వాత నేను ఆయన్ని దాదాపు మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాను. మనిషిలో బరువే లేదు.

చివరికి రాకెట్ ఎగిరే రోజు ఖాయమైంది. మా దగ్గర అప్పటికి ఒకటే సిలిండర్, అదీ అడుగుకి వస్తోంది. మామయ్య దగ్గర పని నేర్చుకున్న పొడుగాయన ఒకడు ఫిల్లింగ్ షెడ్డులో ఉండేవాడు. ఆరడుగుల మీద ఉంటాడని అందరూ అలాగే పిలిచేవారు. "పొద్దున్నే రామ్మా, పెద్దాయన కోసం ఒకటి పక్కన పెడతాను, మేనేజరుకి నేను చెప్పుకుంటాను" అన్నాడు.

బయల్దేరేముందు మామయ్యని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టాను. పక్కింటి పిన్నిని తోడుగా ఉండమన్నాను.

"మామయ్యా, ఇవాళ గీత సంగతి మర్చిపోండి. ముల్లు సున్నా మీదికి వచ్చినా సరే, వాల్వు కట్టకండి. నేను వచ్చేస్తాను. వింటున్నారా?"

"వింటున్నానులే. ముల్లు ఇంకా గీతకి పైనే ఉంది, వెళ్ళిరా."

"ఒట్టేసి చెప్పండి."

"నీ మిషన్ మీదొట్టు" అని నవ్వాడు.

పొడుగాయన మాట తప్పలేదు. నిండు సిలిండర్ తనే మోసుకొచ్చి అద్దె వ్యానులో ఎక్కించాడు. తిరిగి వచ్చేటప్పటికి మాత్రం రోడ్డంతా కార్లు. ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్ళు దారి మధ్యలో ఆపి, దిగి, పిల్లల్ని భుజాలకెత్తుకుని నిలబడ్డారు. వ్యాను డ్రైవరు హారన్ కొట్టీ కొట్టీ విసిగి, తనూ దిగి ఫోను పైకెత్తాడు. నేను సిలిండర్‌ని మోకాళ్ళ మధ్య పెట్టుకుని లోపలే కూర్చున్నాను. ఉన్నట్టుండి నేల అదిరింది. సిలిండర్ నా చేతుల్లో సన్నగా వణికింది. జనం అరిచారు, చప్పట్లు కొట్టారు. నేను తల బయటికి పెట్టి చూడలేదు. దారి ఇమ్మని బతిమాలుతూనే ఉన్నాను. వాళ్ళు మర్యాదగానే, ఆయన దిగేదాకా ఒక్క క్షణం ఆగమ్మా అన్నారు.

ఇంటికి చేరేటప్పటికి టీవీ మోగుతోంది. పిన్ని గుమ్మంలో కూలబడి ఉంది. "నువ్వూ వెళ్ళి చూసిరా, నాకేం పర్లేదు అని ఆయనే పంపాడే. ఇట్లా మేడెక్కి అట్లా దిగాను" అంటోంది, అదే మాట మళ్ళీ మళ్ళీ.

మామయ్య కుర్చీలోనే ఉన్నాడు. తల కిటికీ వైపు వాలి ఉంది. గొట్టం సిలిండర్ మెడకి శుభ్రంగా చుట్టి, చివర లోపలికి దోపి ఉంది. వాల్వు కట్టేసి ఉంది. ముల్లు ఎర్రగీత మీద ఉంది.

"మామయ్యా, తెచ్చాను" అన్నాను. ఎందుకన్నానో తెలీదు. స్పానరు తీసుకుని కొత్త సిలిండర్‌కి ఇంట్లో ఉన్న రెండో మీటరు బిగించాను కూడా. గొట్టం ఆయన ముక్కుకి పెట్టాను. ఒళ్ళింకా వెచ్చగానే ఉంది. కొత్త సిలిండర్ బుసకొడుతూనే ఉంది, ఎంతసేపటికీ ఆయన ఛాతీ కదల్లేదు. పిన్ని వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

టీవీలో షికారు దొర రాకెట్ దిగి బయటికొచ్చాడు. కళ్ళు తుడుచుకుంటున్నాడు. పై నుంచి చూస్తే భూమి చుట్టూ గాలి ఒక సన్నటి నీలిగీతలా కనపడుతుందట. మనందరికీ ఉన్నది అంతేనట. అది చూశాక తను పాత మనిషిగా ఉండలేనన్నాడు. ఆ కన్నీళ్ళు నిజమైనవే, నాకు అనుమానం లేదు. పిన్ని టీవీ కట్టేసింది.

మా ఆయన సాయంత్రం వచ్చాడు. సెంటర్ గేటు దగ్గర ఫోన్లు తీసేసుకోవడంతో, బయటికి వచ్చేదాకా ఆయనకి కబురే తెలీదు. తండ్రి పాదాల దగ్గర కూర్చుని, సిలిండర్ వైపు చూసి, లేచి వెళ్ళి మీటరు మీదికి వంగాడు.

"కట్టేశాడా?"

"కట్టేశారు."

"నువ్వు చెప్పలేదా?"

"చెప్పాను. సరేనన్నారు."

"మరి మతిలేక కట్టాడా, కావాలని కట్టాడా?"

"రెండూ కాదు. గీత కనపడగానే ఆ చెయ్యి చేసే పని అదే. నేను వస్తానుగా, మారుస్తానుగా అనుకుని ఉంటారు."

మా ఆయన నేలమీద చతికిలబడి, టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. వేరే గుడ్డ ఏదీ అందుబాటులో లేదు.

తర్వాత కొన్నాళ్ళకి రాకెట్ సెంటర్ వాళ్ళు డ్రైవర్లందరికీ పటం కట్టించిన ఫొటో ఒకటి పంపారు. పై నుంచి తీసిన భూమి, కింద షికారు దొర సంతకం. మా ఇంట్లో అది కాగితం కూడా విప్పకుండా బీరువా మీద ఉంది. మా ఆయన ట్యాంకర్ మానలేదు. మానితే ఇల్లు గడవదు. కానీ ఎవరైనా ఎలా ఉన్నారని అడిగితే జవాబు చెప్పడం మానేశాడు. పిన్ని అడిగినా, ప్లాంటులో తోటివాళ్ళు అడిగినా, తలొంచుకుని పక్కకి తప్పుకుంటాడు. ఎండలు తగ్గి వాన మొదలైనా నాతో కూడా మాటలు అంతంత మాత్రమే.

రెండు సిలిండర్లూ ప్లాంటుకి నేనే తిరిగి తీసుకెళ్ళాను. పొడుగాయన మొదటిదాన్ని స్పానరుతో తట్టి, "ఇది వాడనేలేదా అమ్మా?" అన్నాడు. వెంటనే అడిగినందుకు నొచ్చుకున్నాడు. రెండోదాన్ని తట్టి, చెవి ఆనించి విన్నాడు. నిండుదైతే మొద్దుగా పలుకుతుంది, ఖాళీదైతే గంటలా మోగుతుంది. ఇది అటూ ఇటూ కాకుండా పలికింది.

"ఇది పెద్దాయనదే. ఇలా వదిలి పంపేది ఆ ఒక్క ఇల్లే" అన్నాడు.

"ఎంతసేపు వచ్చేది అది?"

ఆయన స్పానరు కింద పెట్టాడు. "మీరు ఇంటికి చేరేదాకా వచ్చేదమ్మా" అన్నాడు.

"ఇప్పుడు దీన్నేం చేస్తారు?"

"కొత్తది నింపేముందు పాతది తీసెయ్యాలి కదా. ఎవరిదైనా అంతే. మీరు వెళ్ళండి, నేను తర్వాత చూసుకుంటాను."

"ఇప్పుడే కానివ్వండి" అన్నాను.

ఆయన సిలిండర్‌ని గోడవారకి జరిపి, వాల్వు మీద చెయ్యి వేసి ఒకసారి నావైపు చూసి, మెల్లగా, కొద్దిగా తిప్పాడు. సన్నటి బుస మొదలైంది. మిషన్ ముందు కూర్చుని నేను రోజూ విన్న చప్పుడే. షెడ్డులో మిగతావాళ్ళు పని ఆపి నిలబడ్డారు. అది పూర్తిగా ఆగేదాకా నేను అక్కణ్ణుంచి కదల్లేదు. చాలాసేపే వచ్చింది.